పకాటియాన్ నాణెం

కోస్తోలాచ్ అనే ఊళ్లో మిరప చేలు దున్నితే రోమన్ల నాణేలు బయటపడతాయి. వాటిని రైతులు ఆ ఊరి వుకాషిన్‌కే తెచ్చిస్తారు. నెల్లాళ్లు నూనెలో నానబెట్టి, ముల్లుతో మట్టి గీకి, ఎవరిది వాళ్లకిచ్చేస్తాడు. కిందటేడు పక్కింటి దేసాంక తెచ్చినదాని మీద పకాటియాన్ పేరు తేలింది. సైనికులే గద్దెనెక్కించి, నెలలు తిరక్కుండానే చంపేసిన చక్రవర్తి. అలాంటి నాణెం కోసం వుకాషిన్ నలభై ఏళ్లు చూశాడు. "మామూలుదే" అన్నాడు. "అయితే నువ్వే ఉంచుకో అన్నయ్యా" అంది దేసాంక. అప్పట్నుంచీ అది లోపలి జేబులోనే ఉంది. ఎవరికైనా చూపిస్తే ఎవరి చేలోదని అడుగుతారు.

ఇవాళ దేసాంక కాల్చిన మిరపకాయల సీసాతో పాటు ఇంకో నాణెం తెచ్చింది. వుకాషిన్ దాన్ని ముట్టుకోలేదు.

"నాకు సరిగ్గా కనబడట్లేదమ్మా. మ్యూజియం వాళ్లకి చూపించుకో."

"అయ్యో! మా నాణేలు గీకీ గీకీ కళ్లు పోగొట్టుకున్నావా అన్నయ్యా!" అంటూ ఆమె కళ్లొత్తుకుంది.