ప్రేమకుమారి రాయని రెండు వాక్యాలు

ప్రేమకుమారి ఊరికి వచ్చే మంచినీళ్ళ ట్యాంకరును రెండు వాక్యాలు ఆపేశాయి. వాటి కింద పేరు ఆమెదే. రాసింది మాత్రం ఆమె కాదు.

రేపల్లెకు దిగువన, సముద్రం పోటెత్తితే కాలువలోకి ఉప్పునీరు ఎక్కే ఊరు ఆమెది. బడిలో అరవై రెండు మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. బావినీళ్ళు ఉప్పుబారాక కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా గింజ గింజగానే ఉండేది. ఎన్నో అర్జీలు పెట్టాక వారానికి మూడుసార్లు ట్యాంకరు రావడం మొదలైంది. బడి వంటకూ ఊరి గొంతుకూ ఆ నీళ్ళే దిక్కు.

పోయిన వేసవిలో, మారిపోతున్న వాతావరణం గురించి పనిచేసే ఒక క్రైస్తవ ఉద్యమం వాళ్ళు బాపట్లలో చర్చి హాల్లో సభ పెట్టారు. తెనాలిలో వాళ్ళ ఆఫీసు నడిపే అజయ్ బాబు, ఇరవై ఆరేళ్ళవాడు, మైకు పట్టుకుని, "మన తరఫున పెద్దవాళ్ళు మాట్లాడింది చాలండి. ఇక మీరే బ్లాగులు రాయండి. చేతిలో ఫోనుంటే చాలు" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. రాసింది ఒక్క ప్రేమకుమారి.

"వంట చేసుకునేదానివి, నీకు బ్లాగేంటే?" అని తోడికోడలు నవ్వింది.

"పప్పు ఉడకట్లేదని రాస్తానక్కా. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు?"

మూడు రోజులు కూర్చుని ఫోన్లో కొట్టింది. బావి ఏ ఏడు ఉప్పుబారిందో, చుట్టూ రొయ్యల చెరువులు ఎవరెవరు తవ్వించారో, పిల్లలు పళ్ళెంలో పప్పు ఎలా వదిలేసి పోతారో, అన్నీ రాసింది. "మా బావి ఇంకా ఉప్పగానే ఉంది" అని ఆపేసి తెనాలికి పంపింది.

అజయ్ బాబుకు ఆ ముగింపు మింగుడుపడలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళు కష్టంతో మొదలుపెట్టి, దేవుడు చేసిన మేలుతో ముగిస్తారు. మేలు జరగనివాళ్ళు బెంచీ మీంచి లేవనే లేవరు. చిన్నప్పటి నుంచీ అతను విన్నవి అవే. అందుకని చివర తనే రెండు వాక్యాలు అతికించి ఉద్యమం బ్లాగులో పెట్టాడు: "సంఘమంతా ప్రార్థించాం. ఇప్పుడు మా బావి నీళ్ళు తియ్యగా మారాయి." అక్కడితో ఆగినా బాగుండేది. దాన్ని అచ్చేయించి, వినతిపత్రంతో కలిపి అధికారుల చేతికిచ్చి ఫొటో కూడా దిగాడు.

పదిహేను రోజుల్లో ట్యాంకరు ఆగిపోయింది. అడగడానికి వెళితే నీళ్ళ సరఫరా ఆఫీసులో ఉద్యోగి ఆ కాగితాన్నే ఆమె ముందు పడేశాడు. "బావి బాగుపడిందని మీరే రాశారు కదమ్మా! నీళ్ళు లేని ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి." బండి మీద వచ్చి ఒక్క చేదెడు తోడి నోట్లో పోసుకునే తీరిక అతనికి లేదు. కాగితం చదివే తీరిక మాత్రం ఉంది.

మర్నాడు ఉడకని పప్పు టిఫిన్ డబ్బాలో పోసుకుని ప్రేమకుమారి తెనాలి బస్సెక్కింది. డబ్బా మూత తీసి అజయ్ బాబు ముందు పెట్టింది.

"తిను."

అతను ఒక చెంచా నోట్లో వేసుకుని నమల్లేక తలొంచుకున్నాడు. "చదివేవాళ్ళకి చివర్లో కాస్త ఆశ కనపడాలి కదండీ ఆంటీ. దేవుడికి మహిమ రావాలనే..."

"ఆయన చెయ్యని పని చేశాడని రాస్తావా? దేవుడి నెత్తిన అబద్ధం రుద్దడానికి నువ్వెవడివి బాబూ?"

ఆ పూటే ఆ వాక్యాలు తీసేశాడు. తప్పు నాదేనని నీళ్ళ ఆఫీసుకు ఉత్తరాలూ రాశాడు. ఏం లాభం? ట్యాంకరు ఆపడానికి ఒక్క కాగితం చాలింది. తిరిగి రప్పించడానికి అయిదు ఉత్తరాలు చాల్లేదు.

ప్రేమకుమారి మధ్యలో ఎవరూ లేకుండా సొంత బ్లాగు పెట్టుకుంది. బిందెలు ఆటోలో వేసుకుని పక్క ఊరి నీళ్ళకు పోతూనే, బడి ఉన్న ప్రతిరోజూ తేదీ వేసి రాసింది: ఈ రోజు కూడా ట్యాంకరు రాలేదు. కింద కొందరు "ఆమేన్" అని పెట్టేవాళ్ళు. దేనికి ఆమేనో వాళ్ళకే తెలియాలి.

మొన్న రేపల్లె బస్టాండులో అజయ్ బాబు ఎదురుపడ్డాడు. వచ్చే నెల బాపట్లలో మళ్ళీ సభ ఉందనీ, కొత్తగా బ్లాగులు మొదలుపెట్టేవాళ్ళకు ఆమే నాలుగు మాటలు చెప్పాలనీ బతిమాలాడు.

"వస్తాలే బాబూ. కానీ నేను కూర్చున్నాక మైకు తీసుకుని నువ్వేమీ కలపకు. ట్యాంకరు వచ్చిన రోజు, వచ్చిందని నేనే చెప్తా."