సర్పంచమ్మ కూర్చోని సమావేశం

ఈ రోజు గోపాల్‌పేట దగ్గర ఒక ఊళ్లో కొత్త సర్పంచమ్మ మొదటి పంచాయతీ సమావేశానికి వెళ్లాను. పైవాడకు బోరు వేయిస్తానని మాటిచ్చి గెలిచిన మనిషి. ఆమె మామ కూడా వార్డు సభ్యుడే. మామ ముందు కోడలు కుర్చీలో కూర్చోకూడదని ఆమె నిలబడే ఉంది. సర్పంచి నిలబడితే తామెలా కూర్చుంటామని సభ్యులంతా లేచారు. చివరికి మామా లేచాడు.

“కూసో బిడ్డా, మోకాళ్లు గుంజుతున్నయ్.”

“మీ ముంగట కూసుంటనా మామా? జర బోరు ముచ్చట తేల్చుండ్రి, అందరం ఇంటికి పోదాం.”

ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న బోరుకు, చాయ్ రాకముందే తీర్మానం అయిపోయింది.

ఆమెది మర్యాదా, ఎత్తుగడా? బయట అడిగితే “మా ఇండ్లల్ల గంతే సారూ” అని కొంగు సర్దుకుంది. వార్త ఎలా మొదలుపెట్టాలో ఇంకా తేలలేదు. మీరైతే ఏమని రాస్తారు?