బావకు చూపించిన అడవి మంద

అసూయ మిగతావాళ్లను ఏం చేస్తుందో నాకు తెలీదుగానీ, నన్ను మాత్రం సుంగై సుమున్ అనే ఊళ్లోని పామాయిల్ తోటలో బోర్లా పడుకోబెట్టింది. నా పరువు పోయిన కథ ఇది. మీరూ నవ్వుకోండి, మా ఇంట్లోవాళ్లు ఇంకా ఆపలేదు.

మా పెద్దమ్మ కూతురు నిర్మలక్క కెనడాలో చదువుతూ, ఉత్తర ధ్రువం వైపు మంచు మైదానాల్లో కేరిబూ మందలను గమనించి వచ్చింది. కేరిబూ అంటే చలిదేశాల పెద్ద దుప్పి లెండి. సెలవులకు అందరం ఆ తోటలోనే ఉన్న మావయ్య ఇంట్లో చేరాం. మావయ్య కొడుకు సుధాకర్ బావంటే నాకు ఎప్పట్నుంచో ఇష్టం. ఆ బావేమో నోరు తెరుచుకుని అక్క కబుర్లు వింటున్నాడు.

"ఆడ కేరిబూకి కూడా కొమ్ములుంటాయి బావా. మంచుకాలంలో దాని మేత కాడికి ఇంకోటొస్తే పొడిసి తరిమేస్తాది."

నాకు అప్పుడే నెత్తిమీద దురద మొదలైంది.

"ఇదేటి గొప్ప," అన్నాను. "మీ తోటలోనే సెలడాంగ్ మంద తిరుగుతంది. నిన్న నా కళ్లారా సూసినాను."

సెలడాంగ్ అంటే ఇక్కడి అడవిదున్న. నిజానికి నాకు కనబడ్డవి చెట్ల సందున నల్లటి వీపులు మాత్రమే. మిగతాది నా కడుపుమంట కల్పించింది.

బావ ఏదో అనబోయి ఆగాడు. "సరే, రేపు సూపించు," అన్నాడు.

పొద్దున్నే ముగ్గురం వెళ్లాం. గాలి మన మొహానికి తగలాలి, చప్పుడు చెయ్యకూడదు అని చెప్పి అక్క కూర్చుంది. నేను ఆమెకంటే తెలిసినదాన్ని కదా, ఏకంగా పడుకుని ఎండు మట్టలు కప్పుకున్నాను. చీమలు కుడుతున్నా కదల్లేదు. మంద రానే వచ్చింది.

"ఊపిరి బిగబట్టండి," అన్నాను గుసగుసగా. "అలికిడైతే పొడిసేస్తాయి."

అన్నిటికంటే పెద్దది తిన్నగా వచ్చి బావ చొక్కా జేబు నాకింది.

"ఉప్పు తేలేదు లచ్చిమీ," అన్నాడు బావ దాని మెడ నిమురుతూ. "సాయంత్రం నాన్న తెస్తాడు."

మట్టల కిందనుంచి అడిగాను, "ఇయ్యి ఎవరియి?"

"మాయే రాజీ. దీపావళి తరవాత నాన్న ఈ గేదెల్ని కొన్నాడు. గడ్డి మేస్తాయని తోటలో ఇడిసినాం."

"మరి నిన్ననే సెప్పొచ్చు గదా?"

"నిర్మల ముందర నీ పరువు పోద్దని."

అక్క నవ్వు ఆపుకోలేక బావ భుజం పట్టుకుంది. బావ ఆ చెయ్యి తియ్యలేదు. నేను పడుకున్న చోటునుంచి అది చక్కగా కనిపించింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలు. "మమ్మల్ని కలిపింది రాజీయే," అని అక్క కనబడ్డవాళ్లందరికీ చెబుతుంది. వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్ల పెళ్లి భోజనంలోనే, పాయసం ముందు కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను. ఇక జన్మలో ఏ మగవాడికీ అడవి జంతువును చూపించను. చూపించక తప్పకపోతే, ముందు నిర్మలక్కను ఇంట్లో పెట్టి తాళం వేస్తాను.