కాణిపాకంలో మా మామ అడిగిన ప్రమాణం

మొన్న శుక్రవారం మా మామ పోయారు. మిలిటరీలో పనిచేసి, బంగ్లాదేశ్ యుద్ధం చూసి, చిత్తూరులో స్థిరపడిన మనిషి. పలకరించడానికి వచ్చినవాళ్లు కూడా "అబ్బా, ఆయన అనుమానం ఆయనదే" అని మెల్లగా నవ్వుకున్నారు.

నిజమే. గడియ వేశామన్నా మళ్లీ లాగి చూసేవారు. పాలలో నీళ్లున్నాయని పాలామెతో రోజూ తగువే. "నేను చూసిందే నమ్ముతా" అనేవారు. అదే మనిషి పొద్దున్నే చెంబులో నిప్పులు పోసి మనవళ్ల నిక్కర్లకు ఇస్త్రీ చేసేవారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన సత్యవేడు పిల్లని. ఐదో తరగతితో బడి మానేశాను. మామ ఎదుట కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడాలని మా అమ్మ చెప్పి పంపింది. అలాగే మాట్లాడేదాన్ని. ఆయన నా ముఖంలోకి గుచ్చి గుచ్చి చూసేవారు. "ఏమంటివి? మళ్లా చెప్పు" అనేవారు. భయంతో ఇంకా మెల్లగా చెప్పేదాన్ని.

ఒకరోజు మా ఆయన్ని నిలదీశారు.

"రేయ్, నీ పెండ్లాం నన్ను చూస్తానే నోరు మూసుకుంటాది. మీ అమ్మతో మాత్రం గుసగుసలు. నా మీద ఏం చెప్తాండాది?"

"నీకంతా అనుమానమే నాయనా."

"అయితే కాణిపాకంలో ప్రమాణం చెయ్యమను. చెయ్యకపోతే సత్యవేడులో దిగబెట్టిరా."

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడడానికి మా పక్క దొంగలు కూడా జంకుతారు. నాకు ప్రమాణమంటే భయం లేదు. చేసినా ఆయన నమ్మకుండా పుట్టింటికి పంపేస్తారేమోనన్నదే దిగులు.

కాణిపాకం గుడి కోనేట్లో తల మునిగి, తడిచీర కొంగు నడుముకు దోపి, వినాయకుడి ముందు రెండు చేతులూ జోడించాను. "మామ మీద నేను ఏ చెడ్డ మాటా చెప్పలేదు సామీ."

మామ నా పెదవులనే చూస్తున్నారు. "ఇంత తేటగా మాట్లాడతావా నువ్వు!" అన్నారు.

మా ఆయన టెంకాయకు పోయినప్పుడు నన్ను పక్కకు పిలిచారు. "యుద్ధంలో పక్కనే బాంబు పడినప్పట్నించి చెవులు పనిచెయ్యవు పాపా. పెదాలు చూసి మాట పట్టుకుంటా. నువ్వు కొంగు అడ్డం పెడితే నాకేం తెలుస్తాది?"

"ముందే చెప్పకూడదా మామా?"

"మిలిటరీ చెవిటోడని ఊరంతా నవ్వేదానికా? నేను బతికుండేంతవరకు ఎవురికీ చెప్పనని ఈడనే ఇంకో ప్రమాణం చెయ్యి."

చేశాను. ఇన్నాళ్లూ మా ఆయనకు కూడా చెప్పలేదు.

తిరుగు బస్సులో మా ఆయన నిద్రపోయారు. ముందు సీట్లో ఉన్న మామ కమ్మీ పట్టుకుని, రోడ్డుకు వీపు పెట్టి, నా వైపు తిరిగి కూర్చున్నారు. "మీ ఊరి సంగతులు చెప్పు పాపా" అన్నారు. బస్సు మోతలో నా మాట నాకే వినిపించడం లేదు. ఆయన మాత్రం తలూపుతూ, నవ్వాల్సిన చోట నవ్వుతూ, చిత్తూరు దాకా విన్నారు.