సూరయ్య అంకుల్ తనిఖీ

సూరయ్య అంకుల్‌కి అందరి మీదా అనుమానమే. ఎందుకని మాత్రం అడగకండి. అడిగితే, ఇది మీకెందుకు కావాల్సొచ్చిందని మీ మీద మొదలవుతుంది.

ఆయన పుట్టింది మలేషియాలో, తోట పనులకెళ్లిన తెలుగువాళ్ల ఇంట్లో. వయసులో ఉండగానే సింగపూర్ వచ్చేసి, క్రేన్ నడిపి, రిటైరై, హౌగాంగ్‌లో ఉంటున్నాడు. ఇల్లు తొమ్మిదో అంతస్తు. లిఫ్టులో ఎవరైనా ఉంటే మాత్రం పది నొక్కుతాడు. పైన దిగి, మెట్ల మీదుగా ఒక అంతస్తు కిందకొస్తాడు. తన ఫ్లాట్ ఏదో ఎవరికీ తెలియకూడదట. ఇరవయ్యేళ్లుగా అదే ఇల్లు, గుమ్మం ముందు అవే చెప్పులు. ఆ బ్లాకులో పిల్లలు ఆయన లిఫ్టెక్కగానే "అంకుల్, టెన్ లా" అని వాళ్లే నొక్కి పెడతారు.

తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో అందరూ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేసుకుంటారు, అంటే ఆపుకుంటారు. ఆయనా పెడతాడు, ఖాళీ ప్యాకెట్. లోపలి టిష్యూలు జేబులో భద్రంగా ఉంటాయి.

"సీటు పోతే ఇంకో సీటు దొరుకుద్ది తంబీ. టిష్యూ పోతే ఎవుణ్ణి అడగాల?" అన్నాడు నాతో.

నా పేరు దానయ్య. మాది శ్రీకాకుళం దగ్గర. బూన్ లే వైపు ఒక వర్క్‌షాపులో రేకుల పని చేస్తాను. ఆదివారం సెలవు. ట్రైనెక్కి ఈ హౌగాంగ్ కొసకొచ్చి, చేపలు పట్టుకోనిచ్చే ఒక పార్కు చెరువు దగ్గర కూర్చుంటే నాకు వారమంతా దిగిపోతుంది. అంకుల్‌తో పరిచయం అక్కడే. మూడో మనిషి ఉబైద్ భాయ్, హైదరాబాదు ఆయన, పాయా లేబర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆయన గాలం కన్నా బిస్కెట్ల మీద ఎక్కువ శ్రద్ధ పెడతాడు.

ఆ చెరువులో పీకాక్ బాస్ చేపలుంటాయి. పట్టి, ఫోటో తీసుకుని వదిలేస్తాం. అవి తామరాకుల కింద, నాచు మధ్యలో నక్కుతాయి. మామూలుగా గాలం వేస్తే చేప కాదు, గడ్డిమోపు వస్తుంది. అందుకని ఎరగా పెట్టే రబ్బరు పురుగుకి గాలపు ముల్లు గుచ్చాలి. తల దగ్గర పొడిచి, వెంటనే బయటికి లాగి, తిప్పి, మొనని మళ్లీ పురుగు పొట్టలోకే దాచేయాలి. మొన లోపలుంది కాబట్టి నాచు పట్టుకోదు. చేప కొరికిందంటే మెత్తటి రబ్బరు అణిగిపోయి మొన బయటపడుతుంది. అయితే పురుగు నిటారుగా ఉండాలి. ఏ మాత్రం వంకరున్నా నీళ్లలో గిరగిరా తిరిగి చెరువంతా చుట్టుకొస్తుంది.

అంకుల్ ఈ పనిలో మొనగాడు. అయినా తన పనిని కూడా నమ్మడు. గుచ్చిన ప్రతి పురుగునీ చొక్కా చేతి మీద ఒకసారి ఈడ్చి చూస్తాడు. దారం పోగు పట్టుకుంటే మళ్లీ గుచ్చుతాడు. ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ చెయ్యి జల్లెడే. ఒడ్డున ఉడుము కనబడితే గొంతు తగ్గించేస్తాడు. "అది మూడు వారాలుగా నన్నే చూస్తా ఉంది" అంటాడు. "చేప పడిందా అంకుల్?" అని ఎవరైనా పలకరిస్తే, "ఎవరు చెప్పినారు నీకు?" అని ఎదురడుగుతాడు.

పోయినేడాది రేకు జారి నా కుడిచేతి రెండు వేళ్లు తెగాయి. కుట్టారు, నిలిచాయి. కానీ కొసల్లో స్పర్శ రాలేదు. వర్క్‌షాపులో నన్ను చీపురు పనిలో పెట్టారు. వేళ్లు పనికొస్తాయని చూపిస్తే మళ్లీ రేకు మీదికి తీసుకుంటామన్నారు. ఆదివారం చెరువుకి పురుగులు నేనే గుచ్చి డబ్బాలో పెట్టుకెళ్లడమే నా పరీక్ష అనుకున్నాను. గుచ్చినవన్నీ కొడవళ్లలా వచ్చేవి. వేస్తే నాచు, తీస్తే నాచు.

అంకుల్ ఒకరోజు చెయ్యి చాపాడు. "ఇలా ఇయ్యి తంబీ, నేను గుచ్చుతా."

"నా చెయ్యి ఇంకా చావలేదు అంకుల్," అన్నాను. గట్టిగానే అన్నాను. "ఈ నెలలో ఒక్క చేప పడకపోతే గాలం ఎవరికైనా ఇచ్చేసి, చీపురే పట్టుకుంటాను."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాతి ఆదివారం రాగానే కళ్లు చిన్నవి చేసి మా ఇద్దర్నీ చూశాడు.

"నా పచ్చ పురుగులు పోతా ఉన్నాయి. దొంగ ఇక్కడే ఉన్నాడు. మీ పురుగుల డబ్బాలు తియ్యండి."

"ఏంది అంకుల్, నా మీద గూడ శక్కేనా?" అన్నాడు ఉబైద్ భాయ్.

"నీ మీదే ముందు. అటు తిరుగు."

"తిరుగుడెందుకు?"

"చూస్తా ఉంటే దొంగ సైగ చేస్తాడు."

ఇద్దరం చెరువు వైపు తిరిగి నిలబడ్డాం. వెనకాల డబ్బాలు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. "ఈరోజుకి ఏమీ దొరకలే" అన్నాడు. అది మొదలు ప్రతి ఆదివారం తనిఖీ జరిగేది. తనిఖీ అయ్యాక ఉబైద్ భాయ్ సంచిలో బిస్కెట్లు తగ్గేవి.

"మేరీ బిస్కెట్లు ఏమైనయ్?"

"సాక్ష్యం కింద పెట్టుకున్నా," అనేవాడు నములుతూ.

పైగా మాకు సలహా ఒకటి. "ఎవుడి పురుగులకి వాడు గుర్తు పెట్టుకోవాల. తోక మీద గోటితో నొక్కండి." నాకూ నచ్చి, ప్రతి పురుగు తోక మీదా గోరు గుచ్చి అర్ధచంద్రం పెట్టుకున్నాను.

చిత్రంగా నా గాలం బాగుపడింది. పురుగు తామరాకుల మీద పాములా జారడం మొదలెట్టింది. నెలలో ఆఖరి ఆదివారం ఒక లాగు లాగింది చూడండి, రాడ్డు వంగిపోయింది. పచ్చటి ఒంటి మీద నల్ల చారలు, తోక మీద కన్ను లాంటి మచ్చ. ఉబైద్ భాయ్ ఫోటో తీశాడు. నా వేళ్లు బతికాయనుకున్నాను. కళ్లు తుడుచుకుంటూ దాని నోట్లోంచి పురుగు తీశాను.

తోక మీద అర్ధచంద్రం లేదు.

డబ్బా తెరిచాను. మిగతా వాటి మీదా లేదు. అన్నీ సూదుల్లా నిటారుగా ఉన్నాయి. అంటే నా పురుగులు పోయాయి. మమ్మల్ని దొంగలన్న మనిషి మీద నాకు అనుమానమొచ్చింది.

ఆ సాయంత్రం అంకుల్ రాడ్డు సంచి చెరువు దగ్గర మర్చిపోతే, ఇచ్చే వంకతో తొమ్మిదో అంతస్తుకి వెళ్లాను. ఆయన ఇంకా రాలేదు. వాళ్లావిడ పైడమ్మ ఆంటీ తలుపు తీసింది.

"పదిలో దిగినావా, తొమ్మిదిలో దిగినావా?" అంది.

"తొమ్మిదే ఆంటీ."

"బతికించినావు. కూర్చో, మకాన్ అయిందా, తిన్నావా?" అంటూ టేబుల్ మీది బిస్కెట్ల రేకుడబ్బా పక్కకి జరిపింది. "ఇది చూడు నాయనా, శనివారమొస్తే చాలు, ఈయన పూలు కట్టినట్టు కూర్చుని పురుగులు గుచ్చుతాడు. ఆదివారం ఇన్ని వంకర పురుగులు తెస్తాడు. వాటి ముళ్లు ఊడదీసి కొత్త పురుగులకి గుచ్చుతాడు, వంకరవి ఇందులో పడేస్తాడు. ఎవుడో గుచ్చే మనిషి, పీతకి చెడ్డీ తొడిగినట్టు గుచ్చుతాడు. ఎవుడది?"

డబ్బా నిండా నా అర్ధచంద్రాలు.

"తెలీదాంటీ," అన్నాను.

బయటికొచ్చాక చాలాసేపు లిఫ్టు నొక్కలేదు. కోపం రావాలి. వచ్చింది కూడా, కాసేపు. ఆ చేప నాది కాదు కదా. తర్వాత నవ్వొచ్చింది. పాపం, ఒక్కడికి సాయం చెయ్యడానికి ఇద్దర్ని దొంగల్ని చేశాడు.

ఆయనకేం చెప్పలేదు. ఆయన గుచ్చిన పురుగొకటి రూములో ఎదురుగా పెట్టుకున్నాను. వేలికి తెలియకపోతే కంటికి తెలుస్తుంది కదా. ముల్లుని పురుగు పక్కన ఆనించి, మొన ఎక్కడ దిగాలో ముందే గోటితో గుర్తు పెట్టుకుని గుచ్చడం నేర్చుకున్నాను. రెండు నెలలు పట్టింది. నా చొక్కాలకి కూడా చిల్లులు పడ్డాయి.

ఒక ఆదివారం డబ్బాలో ఒకే ఒక్క పురుగు పెట్టుకెళ్లాను. తోక మీద అర్ధచంద్రం.

"అటు తిరగండి," అన్నాడు అంకుల్.

తిరిగాం. డబ్బా తెరిచిన చప్పుడైంది. మూసిన చప్పుడు రాలేదు. చొక్కా మీద రబ్బరు ఈడ్చిన చప్పుడు ఒకసారి, మళ్లీ ఒకసారి.

"తంబీ, ఇది ఎవరు గుచ్చినారు?"

"నేనే అంకుల్."

"నమ్మను."

"మానెయ్యండి."

"ఉబైద్ గుచ్చినాడా?"

"నాకంత ఓపికుంటే బిస్కెట్లు నేనే తింటుంటి గద అంకుల్," అన్నాడు ఉబైద్ భాయ్.

ఆయన పురుగుని వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. జాగ్రత్తగా నా డబ్బాలోనే పెట్టి మూత వేశాడు. "ఈ వారం దొంగ రాలే," అన్నాడు. సోమవారం నా సూపర్‌వైజర్‌కి చూపించమని, రెండోది ఒకటి తన ముందే గుచ్చించాడు. అది కూడా నమ్మలేదు.

పై నెల నన్ను మళ్లీ రేకు పనిలోకి తీసుకున్నారు. ఇంక నా డబ్బా వెతకాల్సిన పనేం లేదు. అయినా ప్రతి ఆదివారం తనిఖీ జరుగుతూనే ఉంది. కేసు ఇంకా తేలలేదట, ఉబైద్ భాయ్ సంచిలో సాక్ష్యం చాలా మిగిలుందట.