ఎక్సలేటర్ ఎప్పుడూ సంగప్పకేనా?

సంగప్పా, నా చిన్ననాటి దోస్తూ, ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్న మాట ఈరోజు ఈ గ్రూపులో అందరి ముందూ అడుగుతున్నాను.

నిన్న నారాయణఖేడ్ డిపో ఎదుట మెకానిక్ నా బండి బ్యాటరీకి మీటరు పెట్టాడు. ఎక్సలేటర్ తిప్పగానే అంకె పెరిగింది. "చార్జింగ్ మంచిగున్నది తాతా" అన్నాడు. బ్యాటరీ ఆసిడ్ వాసనకు మా చిన్నాయన మోటారు సైకిల్ గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు యాదుందా? అప్పట్లో మీటర్లు లేవు. పొద్దుగూకాక బండిని గోడవైపు తిప్పి లైటు వేసేవాళ్లం. ఎక్సలేటర్ తిప్పితే గోడమీద పసుపుపచ్చటి వెలుగు తెల్లబడాలి, అదే పరీక్ష. సీటు మీద నువ్వు, గోడ దగ్గర పురుగుల మధ్య నేను. "పెరిగిందారా?" అని దొరలా అరిచేవాడివి. బండేమో మాది!

ఒకరోజు "చిన్నాయనా, ఇయ్యాల నేను కూసుంట" అని సీటు పట్టుకున్నాను. నువ్వు ఆయన చెవిలో ఏదో ఊదావు. ఆయన పకపకా నవ్వి, "నువ్వు గోడకాడికే నడువు బిడ్డా" అన్నాడు. మళ్లీ ఎన్నడూ ఎక్కనివ్వలేదు.

ఇప్పుడు నాకు సొంత బండి ఉంది. అయినా నీ మీద కుళ్లు తగ్గలేదు. చిన్నాయన పోయాడు, ఇక తెలిసింది నీకొక్కడికే. చెవిలో ఏం చెప్పావు? ఆదివారం లోపల ఇక్కడే, అందరికీ కనబడేలా రాయి.