జబ్బార్ గారి మగ్గెడు మందు

మా జబ్బార్ గారికి ఏ వస్తువు కనిపించినా దాని సాంద్రత కొలవాలి. సిగరెట్టయితే మానిపించడానికి డాక్టర్లున్నారు. దీనికి వైద్యం లేదు. అబ్దుల్ జబ్బార్ గారు ఏలూరులో మా ప్రైవేటు ల్యాబుకి సీనియర్ కెమిస్టు. చేపల చెరువుల్లో వాడే మందులు పరీక్షించడం మా పని. ఆయన కొలిచిందల్లా టైపు చేయడం నా కర్మ.

హోటల్లో ఇడ్లీ వస్తే ముందు మంచినీళ్ల గ్లాసులో వేసేవారు. "మునిగిపోయిందండీ ప్రభావతి గారూ! పిండి సరిగ్గా పులియలేదు" అని వంటవాడికి వినపడేలా ప్రకటించేవారు. కొన్నాళ్లకి సర్వరు మా టేబుల్ మీద గ్లాసులు పెట్టడం మానేశాడు.

మా చెల్లెలు ఇందుజ నిశ్చితార్థంలో మైసూరుపాకు చేతికిస్తే, మగపెళ్లివారి ఎదుటే సంచిలోంచి కిరోసిన్ సీసా తీశారు. రేషన్ షాపుల్లోనే కనపడని కిరోసిన్ ఈయనకెలా దొరుకుతుందో నాకిప్పటికీ తెలీదు.

"అయ్యో, కిరోసిన్ ఏంటండీ?"

"నీళ్లలో కరిగిపోతుందండీ. కరగనిదాంట్లో ముంచితేనే అసలు సరుకెంతో తేలేది." బుడగలు పైకొచ్చాయి. "చూశారా? సగం గాలే అమ్మాడు!"

పెళ్లికొడుకు తండ్రి తన చేతిలో ముక్కని మెల్లగా ప్లేటులో పెట్టేశాడు.

ఇలా నవ్వుకుంటూ ఉండగా కైకలూరు దగ్గర చేపల చెరువులో పనిచేసే పేతురు అనే ఆయన చచ్చిపోయాడు. చెరువు నీళ్లలో క్రిములు చంపే క్లోరిన్ మందుని మోటారు షెడ్డులో, డ్రమ్ములో కలుపుతుంటే పొగ కమ్మేసింది. బయటికి లాగేసరికి ఊపిరి లేదు. తాగిన మత్తులో చేతికొచ్చినంత పోసేశాడని చెరువు యజమాని చెప్పాడు. ఊరు నమ్మింది.

ఆ తర్వాత ఆ మందు కంపెనీ తరఫున హర్షవర్ధన్ అనే ఆయన మా ల్యాబుకి వచ్చాడు. పాత పొడిమందునే కొత్తగా గుళికలుగా చేశారట. కొన్ని బస్తాలు చెరువులకి అప్పుడే వెళ్లిపోయాయట. ఆ మందుతో ఏం జాగ్రత్తలు తీసుకోవాలో రాసే సేఫ్టీ షీటు మాత్రం ఇప్పుడు కావాలట! పేతురు కలిపినవి ఆ గుళికలే. నాకు ఒళ్లు మండిపోయింది.

"మందు అదేనండీ. సాంద్రత దగ్గర పాత అంకె వేసేయండి," అన్నాడాయన.

"కొలవకుండానా అండీ?" ఎవరో తనని బూతు తిట్టినట్టు చూశారు జబ్బార్ గారు.

క్లోరిన్ మందు కిరోసిన్‌లో పడితే నిప్పంటుకుంటుందని, ఈసారి ల్యాబులో గ్యాసుతో కొలిచే యంత్రంలో పెట్టి కొలిచారు. పొడికీ గుళికకీ తేడా లేదు. హర్షవర్ధన్ నవ్వాడు. "చెప్పానుగా!"

"ఇది సరుకు లెక్కండీ. సరుకు మధ్య ఇరుక్కున్న గాలి లెక్క మిగిలింది. చెరువు దగ్గర మందు తూకం వేస్తారా?"

"తూకం ఎవడేస్తాడండీ? ఏదో మగ్గుంటుంది, దాంతో పోస్తారు."

"ఏ మగ్గండీ?"

హర్షవర్ధన్‌కి తెలీదు. మర్నాడు జబ్బార్ గారు కాటా, పొడీ గుళికల ప్యాకెట్లూ, ఉబ్బిపోయిన పెద్ద సంచీ పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కైకలూరు బస్సెక్కారు.

"ఇవాళ చర్చి దగ్గర పేతురు కోసం ఆదరణ కూడిక, అదే సంతాప ప్రార్థన, ఉందటండీ. మనం మగ్గు కోసం వెళ్తే బాగుంటుందా?" అన్నాను.

"ఊరంతా ఒకచోట ఉంటారు కదండీ," అన్నారు. ఈయనకి మతి పోయిందనుకున్నాను.

చర్చి ముందు షామియానా, కుర్చీల నిండా జనం. జబ్బార్ గారు తిన్నగా పేతురు భార్య యేసమ్మ దగ్గరికెళ్లి, "అమ్మా, మీ ఆయన మందు కొలిచే మగ్గుందా?" అని అడిగారు. నాకు తల తీసేసినట్టయింది.

"ఉందండీ," అంది యేసమ్మ, ఒక కుర్రాణ్ణి ఇంటికి పంపి మగ్గు తెప్పిస్తూ. "ఎప్పుడూ నాలుగు మగ్గులే పోసేవారండీ. ఆయన తాగేవారు కాదండీ. చెప్తే ఒక్కరూ నమ్మట్లేదండీ."

మందు ధూళి గాలికి మీద పడకుండా జబ్బార్ గారు జనాన్ని దూరం జరిపారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, మగ్గు నిండా పాత పొడి పోసి, పైన చదును చేసి, కాటాకి తగిలించారు. అది తీసేసి, మగ్గు తుడిచి, అదే మగ్గు నిండా గుళికలు పోశారు. ముల్లు దాదాపు రెట్టింపు దిగింది.

"పొడిలో గాలెక్కువండీ. గుళికలు ఒత్తుకుని పడతాయి. మగ్గూ అదే, పోసిన మనిషీ అదే, పడిన మందు మాత్రం రెట్టింపు. ఆ సంగతి బస్తా మీద రాయలేదు. పేతురు గారు ఎప్పటిలాగే పోశారండీ. నా రిపోర్టులో ఇదే ఉంటుంది."

యేసమ్మ లేచి నిలబడింది.

"ఇంకోసారి చెప్పండయ్యా. వెనకున్నవాళ్లక్కూడా వినపడాలి."

జీవితంలో మొదటిసారి ఒక మనిషి ఆయన్ని సాంద్రత గురించి రెండోసారి చెప్పమని అడిగింది! ఆయన దశాంశ స్థానాలతో సహా గొంతెత్తి చెప్పారు. ఆమె ఏడ్చింది. మా ఇద్దరికీ కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ బస్తాలింకా షెడ్డులోనే ఉన్నాయండీ," అంది కళ్లు తుడుచుకుంటూ. "రేపట్నుంచి ఆయన పని నాదే. మగ్గులో ఎంతవరకు పోయాలో గీత పెట్టండి."

"గీత చెరిగిపోతుందమ్మా, అక్కడికి మగ్గునే కోసిస్తాను. షెడ్డులో మాత్రం కలపొద్దు, ఆరుబయటే. ఈ మగ్గు మీ ఆయనది, దాచుకోండి." సంచిలోంచి కొత్త మగ్గులు తీశారు. ఒకటి కాదు, ఆ చుట్టుపక్కల చెరువులన్నింటికీ సరిపడా. హాక్సా బ్లేడు కూడా తెచ్చుకున్నారు మహానుభావుడు.

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. చర్చి మెట్ల మీద జబ్బార్ గారు కరకరమంటూ మగ్గులు కోస్తూనే ఉన్నారు. ఆపమనడానికి నేను లేవబోయాను. పాస్టరు గారు కళ్లు తెరవకుండానే నన్ను కూర్చోమని చెయ్యూపి, గొంతు ఇంకాస్త పెంచారు.